ఊరివైపు తిప్పిన బూర

ఈ మధ్య మా ఇంటికి ముగ్గురు ఆడపిల్లలు వచ్చారు. శిక్షణ పూర్తి చేసుకుని, బైబిలు స్త్రీలుగా పల్లెలకు వెళ్ళబోతున్నవాళ్ళు. కొత్త చీరలు, కొత్త సంచులు, మొహాల నిండా లోకాన్ని మార్చేద్దామన్న తొందర. టీ ఇచ్చి కూర్చోబెట్టాను. వాళ్ళలో కాస్త చురుకైన పిల్ల అడిగింది: "అమ్మగారూ, ఇన్నేళ్ళ పరిచర్యలో మీకు ఎదురైన అందరికంటే పెద్ద నాస్తికుడు ఎవరండీ?"

"అప్పలస్వామి అని ఒకాయన. మా చర్చి సంఘంలోనే ఉండేవాడు. ఆదివారం అందరికంటే ముందొచ్చి గుడిలో జంపఖానాలు పరిచేవాడు" అన్నాను.

పిల్లలు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. పాపం, పెద్దావిడకి మతి చెదిరింది అనుకున్నారు. మర్యాదగా టీ తాగేసి, నా చేత ప్రార్థన చేయించుకుని వెళ్ళిపోయారు. వాళ్ళు అడగడానికి మొహమాటపడ్డ మిగతా కథ ఇక్కడ రాస్తున్నాను.

మన పని తెలియని వాళ్ళ కోసం ఒక్క ముక్క. బైబిలు స్త్రీ అంటే ఇంటింటికీ తిరిగి, ఆడవాళ్ళ పక్కన కూర్చుని వాక్యం చదివి వినిపించే మనిషి. పాస్టరుగారు వేదిక మీద మాట్లాడతారు, మేము పొయ్యి దగ్గర మాట్లాడతాం. జబ్బులకి ప్రార్థన, పురుళ్ళకి తోడు, తగువులకి మధ్యవర్తి, అన్నీ మేమే. జనం నన్ను బైబిలమ్మ అనేవారు. అసలు పేరు సువార్తమ్మ అని నేనే అప్పుడప్పుడు గుర్తు చేసుకోవాల్సి వచ్చేది. జీతం గురించీ బదిలీల గురించీ రాయను. ఆ రెండు విషయాల్లోనూ చెప్పుకోదగ్గ అద్భుతాలేమీ జరగలేదు.

బైబిలు కీర్తనల్లో ఒక మాట మీకు కంఠతా వచ్చే ఉంటుంది. దేవుడు లేడని మనసులో అనుకునేవాడు తెలివిమాలినవాడనీ, అలాంటివాళ్ళు చెడిపోయారనీ, మంచి చేసేవాడు ఒక్కడూ లేడనీ దాని సారం. శిక్షణలో మాకు దీని మీద చాలా పాఠాలు చెప్పారు. ఒక్క సంగతి మాత్రం ఎవరూ ఆగి చూడలేదు. ఆ మనిషి ఆ మాట నోటితో అన్నాడని అక్కడ లేదు. మనసులో అనుకున్నాడనే ఉంది. నేనూ ఆగి చూడలేదు లెండి. నాకు అది చూపించినవాడు అప్పలస్వామే.

ముందు ఒక అసలు నాస్తికుడు

నోటితో అన్న నాస్తికుడు కూడా నాకు తగిలాడు. మాది పాతపట్నం. పనిలో చేరిన కొత్తలో నన్ను సొంత ఊళ్ళోనే వేశారు. అక్కడ బజారులో కిరాణా కొట్టు శెట్టిగారు ఒకాయన, దేవుడు లేడని బాహాటంగా చెప్పేవాడు. దేవుణ్ణి కాదన్నవాడి బతుకు లోపలంతా కుళ్ళిపోయి ఉంటుందని మాకు నేర్పారు కదా. ఆ కుళ్ళు ఎలా ఉంటుందో చూద్దామని ఉత్సాహంగా వెళ్ళాను.

"రామ్మా, కూసో. టీ తాగు. దేముడు నేడు. బెల్లం కావాలేటి?" అనేవాడు, అన్నీ ఒకే ఊపిరిలో. మా వైపు లేడు అన్నది నేడు అవుతుంది.

వారం వారం వెళ్ళేదాన్ని. వారం వారం వాదించుకునేవాళ్ళం. కుళ్ళు కోసం కళ్ళలో ఒత్తులు వేసుకుని చూశాను. కూతురికి జ్వరం వస్తే కొట్టు మూసి ఇంటికి పరిగెత్తేవాడు. పనివాళ్ళ మీద అరిచేవాడు. ఆయన కాటా కాస్త ఆయన వైపే మొగ్గేది. ఇదిగో దొరికింది అనుకున్నాను. తీరా చూస్తే, ఎదురుగా గోడ నిండా పటాలు పెట్టుకుని పొద్దున్నే సాంబ్రాణి వేసే ఇంకో శెట్టిగారి కాటా కూడా సరిగ్గా అంతే మొగ్గేది. పక్క వీధిలో మన సంఘపెద్ద కొట్టుకి వెళ్ళి చూశాను. అదీ అంతే. దేవుడు లేడన్నాయన, పదిమంది దేవుళ్ళున్నారన్నాయన, ఒక్కడే ఉన్నాడన్నాయన, ముగ్గురూ ఒకే దుకాణంలో కాటాలు కొన్నట్టున్నారు.

కాబట్టి అమ్మాయిలూ, నోటితో అనేవాడి వెనకాల పడి చెప్పులు అరగదీసుకోకండి. టీ ఇస్తే తాగి రండి.

ఏటేటా పెరిగే పాపాలు

తరవాత నన్ను శ్రీకూర్మం దాటి, సముద్రం ఒడ్డున ఒక పల్లెకి పంపారు. ఊరు ఊరంతా చేపల వేట మీద బతికేవాళ్ళు. గంగమ్మకి మొక్కనిదే పడవ నీళ్ళలోకి దిగదు. మన సంఘం అంటే వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్ని కుటుంబాలు. పాస్టరుగారు జ్ఞానప్రకాశంగారు. మనిషి చెడ్డవాడు కాదు, ముందే చెబుతున్నాను. వానలో సైకిలు తొక్కుకుంటూ వెళ్ళి రోగుల మంచం పక్కన కూర్చున్నవాడు. ఆయనకున్న పిచ్చి ఒక్కటే, సాక్ష్యాలు.

ఏటా మన సంఘం సభలు పెడుతుంది. పందిరి, ట్యూబులైట్లు, శ్రీకాకుళం నుంచి మైకు సెట్టు, బయటి ప్రసంగీకుడు. ప్రసంగానికి ముందు సంఘస్థులు ఒక్కొక్కరు లేచి, తాము పూర్వం ఎలా చెడిపోయి ఉన్నారో, దేవుడు ఎలా బాగుచేశాడో చెప్పాలి. అదే సాక్ష్యం. మైకు బూరలు రెండు పందిరి లోపలికి, రెండు ఊరివైపుకి. ఊళ్ళోవాళ్ళు పందిట్లోకి రారు కదా, వాళ్ళ ఇళ్ళలోకే మాట వెళ్ళాలని. ఆ బూరలు ఊరివైపు తిప్పి కట్టించడం జ్ఞానప్రకాశంగారి సొంత ఆలోచన. దాని గురించి ఆయనకి చాలా గర్వం.

"సువార్తమ్మగారూ, ముందు బోర్డుకి నల్ల రంగు బాగా పట్టించాలి. అప్పుడే తెల్ల అక్షరం కనబడుతుంది" అనేవారు.

నల్ల రంగులో మా సంఘానికి సింహాచలం అని ఒక మొనగాడు ఉండేవాడు. పూర్వం సారా అమ్మిన మనిషి. మొదటి సంవత్సరం సభల్లో, తాగి పెళ్ళాన్ని కొట్టేవాణ్ణని చెప్పి ఏడ్చాడు. జనం కూడా ఏడ్చారు. మరుసటేడు అందులోకి ఒక కత్తి వచ్చింది. ఆ పై ఏడాది పోలీసులు వచ్చారు, జీపుతో సహా. చప్పట్లు, హల్లెలూయలు. ఆయన భార్య చిన్నమ్మి నా పక్కనే కూర్చునేది.

"ఏ కత్తమ్మా? మా ఇంట్లో ఉన్నది ఒక్క కత్తిపీట. అది ఎప్పుడూ నా కాలి కిందే ఉంటాది" అని నా చెవిలో గొణిగింది. మళ్ళీ వంగి, "మా సందులోకి జీపు దూరదమ్మా" అంది.

"నిన్ను కొట్టిన మాట నిజమేనా?"

"అది నిజమేనమ్మా. అదొక్కటే ఈ ఏడు సెప్పడం మర్సిపోనాడు."

అమ్మాయిలూ, ఈ మాట గుర్తుపెట్టుకోండి. లేని పాపాలు వచ్చి చేరేకొద్దీ ఉన్న పాపం జారిపోతుంది. మన సంఘాల్లో ఇప్పటికీ ఇదే తంతు. పాపాన్ని ఒప్పుకోవడం వేరు, ప్రదర్శనకి పెట్టడం వేరు. రెండోదానికి చప్పట్లు వస్తాయి.

పాపం దొరకని మనిషి

ఇక అప్పలస్వామి. కోదండం అనే ఆసామి పడవలో వేటకి వెళ్ళేవాడు. తాగడు, పోట్లాడడు. బాప్తిస్మంలో ఆమోసు అని పేరు పెట్టారు గాని, ఆ పేరుతో పిలిస్తే ఆయనే పలికేవాడు కాదు. భార్యకి జబ్బు చేసినప్పుడు నేను ప్రార్థన చేసి, పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి చూపించాను. తగ్గింది. అప్పటినుంచి గుడికి వస్తున్నాడు. ఆయనకి కోపం వచ్చే సందర్భం ఒక్కటే, పరిచిన జంపఖానా ఎవరైనా కాలితో నలిపితే.

జీపు వచ్చిన మరుసటేడు సభల్లో తనూ సాక్ష్యం చెబుతానన్నాడు. సాక్ష్యాలు సరిచూసే పని నాది. నా ముందు నిలబడి అప్పజెప్పాడు:

"నా పెళ్ళానికి జబ్బు సేసింది. బైబిలమ్మ ప్రార్థన సేసింది. ఆస్పత్రికి తీసుకెల్లింది. తగ్గింది. దేముడికి వందనాలు."

బాగుంది అన్నాను. జ్ఞానప్రకాశంగారు పక్కనుంచి విని పెదవి విరిచారు.

"ఇందులో పాపమేదయ్యా? పూర్వం నువ్వు ఏ స్థితిలో ఉన్నావు?"

"ఏటకెల్లీవోణ్ణి బాబూ. ఇప్పుడూ ఎల్తన్నాను."

"అది కాదు. మంచివాడు ఒక్కడూ లేడని వాక్యం. నీకు పాపం లేదంటే వాక్యం అబద్ధమా? దేవుణ్ణి కాదన్న రోజు నీ బతుకులో లేదా? వెళ్ళి వెతుక్కో."

వెతుక్కోమని పంపారు, పోయిన గొర్రెపిల్లని వెతుక్కోమన్నట్టు. నాలుగు రోజులు పోయాక అప్పలస్వామి మా గుమ్మంలోకి వచ్చాడు. మొహం పీక్కుపోయింది.

"నాకు పాపం దొరకట్నేదమ్మా."

"జంపఖానా నలిపిన వాళ్ళ మీద పళ్ళు కొరుకుతావు కదా. అది చెప్పు."

ఆయన నన్ను జాలిగా చూశాడు. "అదేటమ్మా! శ్రీకాకుళం నుండి మైకు తెస్తన్నారు. అంత మైకులో ఇంత పాపం సెప్తే బాగుంటాదేటి?"

నేను నవ్వేశాను. ఉన్నదే చెప్పు, భార్య జబ్బు సంగతి చాలు అని గట్టిగా చెప్పి పంపాను. సరేనని తలూపాడు. తలూపిన ప్రతివాడూ ఒప్పుకున్నట్టు కాదని ఈ ఉద్యోగంలో నాకు తెలియనిది కాదు.

పేరు పిలవని కుప్ప

ఆయన చేసిందేమిటో అర్థం కావాలంటే ఒడ్డు మీద వాటాలు ఎలా పంచుతారో తెలియాలి. అమ్మకానికి పోయేది పోగా, ఇంటి కూరకి మిగిలిన చేపల్ని పడవ మనుషులందరికీ పంచుతారు. ఒకడు ఇసకలో కుప్పలు పెడతాడు. మిగతావాళ్ళు వీపు తిప్పి సముద్రం వైపు నిలబడతారు. పంచేవాడు ఒక కుప్ప మీద చెయ్యి పెట్టి "ఇది ఎవులిది?" అంటాడు. వీపు తిప్పినవాళ్ళలో ఒకడు చూడకుండానే ఒక పేరు చెబుతాడు. ఆ కుప్ప ఆ పేరువాడిది. ఇందులో మోసానికి తావు లేదు.

ఒక్క కుప్పకి మాత్రం పేరు పిలవడం ఉండదు. ఆ పడవ మీద వేటకెళ్ళి చనిపోయినవాడి ఇంటికి, పంచేవాడు అన్నిటికంటే ముందు తన చేత్తో తీసి పక్కన పెడతాడు. అది ఎంతన్నది అతని మనసుకే వదిలేస్తారు. ఎవరూ చూడరు, ఎవరూ అడగరు. అందుకే పంచే పని అందరికీ ఇవ్వరు. కోదండం పడవలో ఆ పని అప్పలస్వామిది. ఆ కుప్ప పోలమ్మది. ఆవిడ భర్త అదే పడవ మీద వెళ్ళి తిరిగి రాలేదు. వాటిలో కూరకి పోగా మిగిలిన చేపలు బుట్టలో పెట్టుకుని ఊళ్ళు తిరిగి అమ్ముకుని, ఇద్దరు పిల్లలతో బతుకుతోంది. మన సంఘస్థురాలు కాదు.

సభల రోజు సాయంత్రం. సింహాచలం సాక్ష్యం అయింది. ఆ ఏడాది జీపు రెండు జీపులైంది. చప్పట్లు మోగుతుండగానే అప్పలస్వామిని పిలిచారు. మైకు పట్టుకున్నాడు. భార్య జబ్బు సంగతి మొదలుపెట్టాడు. జనం పిల్లల్ని సముదాయించుకుంటూ, మంచినీళ్ళు తాగుతూ ఉన్నారు. ఆయన అది చూశాడు. తరవాత గొంతు మారింది.

"నానూ పూర్వం పాపినే! దేముడు నేడనుకున్నాను. ఎవుడు సూస్తాడు అనుకున్నాను. వాటాలు పంచినప్పుడు పోలమ్మ కుప్పలో సేపలు తీసీసి నా బుట్టలో ఏసుకునీవోణ్ణి! రోజూ తీసీసీవోణ్ణి!"

పందిరి దద్దరిల్లింది. జ్ఞానప్రకాశంగారు లేచి హల్లెలూయ చెప్పించారు. బయటి ప్రసంగీకుడు కళ్ళు తుడుచుకున్నారు. నేను మాత్రం పందిరి బయటికి చూశాను. ఊరివైపు తిప్పిన రెండు బూరలూ చక్కగా పనిచేస్తున్నాయి.

ఊరు గుర్తు తెచ్చుకుంది

మర్నాడు పొద్దున్నే ఒడ్డుకి వెళ్ళాను. పోలమ్మ ఖాళీ బుట్ట పక్కన పెట్టుకుని ఇసకలో కూర్చుంది. చుట్టూ ఆడవాళ్ళు.

"ఓలమ్మా, నాకు అప్పుడే అనుమానం తగిలింది! ఆయేడు వానల్లో కుప్ప ఇంతే వచ్చినాది. పిల్లలకి కూర సరిపోనేదు. అందుకేనేటి!" అంటోంది. ఏడవడం లేదు. ఏడిస్తే బాగుండేది.

అందరికీ గుర్తొచ్చింది. ఒకామెకి అప్పలస్వామి బుట్ట బరువుగా ఉండడం గుర్తొచ్చింది. ఇంకొకామెకి, ఆయన తలొంచుకుని నడవడం గుర్తొచ్చింది. నిన్నటిదాకా వినయం అనుకున్న నడక, ఇవాళ దొంగ నడక అయింది. మనిషి చెడు గురించి మనం ఎన్నో ప్రసంగాలు చేస్తాం గాని, పక్కవాడి చెడుని నమ్మడానికి మనం ఎంత సిద్ధంగా ఉంటామో ఒక్కడూ ప్రసంగించడు.

కోదండం ఆయన్ని పంచే పని నుంచి తీసేశాడు. వారం తిరక్కుండా పడవలోకే రావద్దన్నాడు. మిగతా పడవలవాళ్ళూ మొహం చాటేశారు. చచ్చినవాడి ఇంటి కూడు తిన్నవాణ్ణి పక్కన పెట్టుకుని నీళ్ళలోకి వెళ్ళడానికి ఎవరికి ధైర్యం? ఇంట్లో పొయ్యి వెలగడం కష్టమైంది. బావి దగ్గర ఆయన భార్యకి ఎవరూ బిందె ఎత్తలేదు.

అప్పుడొచ్చాడు నా దగ్గరికి.

"నాను తీయనేదమ్మా. ఏనాడూ ఒక్క సేప తీయనేదు."

"మరి ఎందుకన్నావయ్యా ఆ మాట?" నాకు కోపమొచ్చింది. కొట్టేద్దామన్నంత కోపం.

"సింహాసలం సెప్తే అందరూ సప్పట్లు కొట్టినారు. నాను సెప్తంటే నీల్లు తాగుతన్నారు. నాకు ఉక్రోషం వచ్చీసింది. నోటికొచ్చింది సెప్పీసినాను." తలొంచుకున్నాడు. "సప్పట్లు బాగా కొట్టినారమ్మా."

ఏం చెప్పను? పాపం దొరకలేదని ఏడ్చినవాడికి, వెతుకుతుండగానే దొరికింది. అసూయ, కీర్తి కండూతి, పైన అబద్ధం. పాస్టరుగారి సిద్ధాంతం నిలబడింది. నిలబడడానికి ఒక మనిషి కొంప కూలింది.

ఇద్దరం జ్ఞానప్రకాశంగారి దగ్గరికి వెళ్ళాం. గుడి మైకులో, ఊరివైపు బూర పెట్టి, అది అబద్ధమని చెబుతానన్నాడు అప్పలస్వామి.

ఆయన మొహం మాడిపోయింది. "సభల్లో చెప్పిన సాక్ష్యం అబద్ధమని మనమే బూర పెట్టి చెప్పుకుంటే సంఘం పరువేం కావాలి? రేపు మన సాక్ష్యాలన్నీ ఇంతేనంటారు. దేవుడి నామానికే అవమానం. నాలుగు గోడల మధ్య ప్రార్థన చేసుకుందాం. దేవుడు వింటాడు."

"పాపం చెప్పినప్పుడు ఊరు వినాలి, నిజం చెప్పేటప్పుడు దేవుడొక్కడే వింటే చాలా అండీ?" అన్నాను.

"మీరు ఉద్రేకంలో ఉన్నారు" అన్నారు.

ఉన్నాను మరి.

ఆడవాళ్ళ కూడిక

పాస్టరు చేతిలో లేనిది ఒకటుంది మన పల్లె సంఘాల్లో, ఆడవాళ్ళ కూడిక. శుక్రవారం మధ్యాహ్నం గుడి మాది. పాటలు పాడుకోవడానికి మేమే చిన్న మైకు, ఒక బూర కొనుక్కున్నాం. అది గుడి వాకిలివైపు ఉండేది. ఆ శుక్రవారం నేను అందరికీ సంగతి చెప్పి, ఒప్పుకుంటారా అని అడిగాను. చిన్నమ్మి లేచింది.

"సెప్పనీయండమ్మా. మాయింటాయనా ఏదో ఒక రోజు సెప్పుకోవాల" అంది.

అప్పలస్వామి తనే నిచ్చెన వేసుకుని ఎక్కి, బూరని ఊరివైపు తిప్పాడు. దిగి వచ్చి మైకు పట్టుకున్నాడు. ఎదురుగా జంపఖానాలు. ఆ రోజు అవి ఎవరు నలిపినా ఆయన చూడలేదు.

"నాను అప్పలస్వామిని. పోలమ్మా, నా మాట ఇంటన్నావో నేదో. నీ కుప్పలో నాను ఏనాడూ సెయ్యి ఎట్టనేదు. సభల్లో అబద్ధం ఆడినాను. సప్పట్ల కోసం ఆడినాను. పూర్వం దేముడు నేడనుకున్నానని సెప్పినాను. అదీ అబద్ధమే. పూర్వం ఎప్పుడూ అనుకోనేదు. గంగమ్మకి మొక్కినప్పుడూ అనుకోనేదు, ఈ గుడికి వచ్చినప్పుడూ అనుకోనేదు. అనుకున్నది ఒక్కసారే. ఆ మైకు పట్టుకున్నప్పుడు. దేముడు ఇనడు, జనం ఇంటన్నారు, సాలు అనుకున్నాను. దేముడి ఇంట్లో నిలబడి, దేముడి పేరు సెప్తా, దేముడు నేడనుకున్నాను. అదీ నా పాపం. ఇదే నిజం."

చప్పట్లు లేవు. హల్లెలూయ లేదు. చిన్నమ్మి ముక్కు చీదుకున్న శబ్దం మైకులో ఊరంతా వినబడింది.

నేను అప్పటికి ఆ కీర్తన మీద లెక్కలేనన్ని ఇళ్ళలో మాట్లాడి ఉంటాను. మనసులో అనుకోవడమంటే ఏమిటో నాకు తెలిసింది ఆ మధ్యాహ్నమే. దేవుడు లేడని అనుకోవడానికి శెట్టిగారిలా వాదించక్కర్లేదు. ఆయన చూడడం లేదన్నట్టు ఒక్క నిమిషం ప్రవర్తిస్తే చాలు. ఆ పని మనం వేదికల మీద ఎన్నిసార్లు చేస్తామో మీరే లెక్క చూసుకోండి. మనిషి లోపల చెడు ఉందన్న మాట నేను ఈనాటికీ నమ్ముతాను. కాకపోతే దాన్ని సారా కొట్టులో వెతికేవాళ్ళంటే నాకు నమ్మకం తక్కువ.

ఒడ్డు మీద

కథ ఇక్కడితో సుఖంగా ముగిసిందనుకుంటే పొరపాటు. ఊరు కరిగిపోలేదు.

"అప్పుడాడినాడో, ఇప్పుడాడినాడో నాకేటి తెలుసమ్మా?" అన్నాడు కోదండం, నేను బతిమాలడానికి వెళితే. "మీ దేముడి కాడ నిలబడి అబద్ధం ఆడినోడు, నా కాడ ఆడడేటి?"

ఆ మాటకి జవాబు తెచ్చింది పోలమ్మ. అప్పటికి ఆవిడ కుప్ప వేరే మనిషి పెడుతున్నాడు. ఒక రోజు బుట్ట నడుమున పెట్టుకుని పడవ దగ్గరికి వచ్చి, అందరి ముందూ కోదండాన్ని నిలదీసింది.

"మావా, ఆడు నా కుప్ప దొంగిలించినాడన్నారు గదా. ఆడు పోనాడు. మరి నా కుప్ప పెరగాల గదా? ఏటి పెరగనేదు? ఇదిగో, ఎప్పటంతే ఉన్నాది. కాస్త తగ్గినాది కూడాను."

కోదండం బుర్ర గోక్కున్నాడు. కొత్తగా పంచుతున్నవాడు సముద్రం వైపు చూశాడు.

"ఆణ్ణే పిలు. ఆడే పంచాల" అంది పోలమ్మ. "అలగని నాను నమ్మీసినానని కాదు. ఎదురుగుండా నిలబడి సూస్తాను."

అప్పలస్వామి తిరిగి పడవెక్కాడు. తిరిగి కుప్పలు పెట్టాడు. కాని ఇప్పుడు, ఆ ఒడ్డు మీద ఎప్పుడూ లేని ఒక కొత్త పద్ధతి వచ్చింది. మగవాళ్ళు వీపు తిప్పి నిలబడితే, పోలమ్మ మాత్రం నడుం మీద చెయ్యి వేసుకుని ఎదురుగా నిలబడి, తన కుప్పలో పడే ప్రతి చేపనీ చూసేది. ఆయన తలొంచుకుని పెట్టేవాడు. చూసేవాళ్ళకే సిగ్గేసేది.

మరుసటేడు సభలొచ్చాయి. జ్ఞానప్రకాశంగారు స్వయంగా ఆయన ఇంటికి వెళ్ళారు. ఆ శుక్రవారం మాట్లాడింది సభల్లో ఇంకోసారి చెప్పమనీ, అది బాగా పండుతుందనీ అడిగారు. మనసు మారింది అనుకుంటారేమో, అదేం లేదు. ఆయనకి అందులో మంచి నల్ల రంగు కనబడింది, అంతే.

"నాను జంకానాలు పరుస్తాను బాబూ" అన్నాడు అప్పలస్వామి.

చిన్నమ్మి మొగుడు మాత్రం ఆ ఏడు లేచి, జీపులూ కత్తీ వదిలేసి, పెళ్ళాన్ని కొట్టేవాణ్ణని ఒక్క మాట చెప్పి కూర్చున్నాడు. చప్పట్లు పలచగా పడ్డాయి. చిన్నమ్మి నా చెయ్యి నొక్కింది.

ఆ సభలు అయిన కొన్నాళ్ళకి, ఇళ్ళకి వెళ్ళే దారిలో ఒడ్డు దగ్గర ఆగాను. పడవ అప్పుడే వచ్చింది. అప్పలస్వామి ఇసకలో వంగి, ఎప్పట్లాగే ముందు పోలమ్మ కుప్ప మొదలుపెట్టాడు. ఆవిడ ఎప్పట్లాగే ఎదురుగా నిలబడింది. ఒకటి రెండు చేపలు పడ్డాయి. ఆవిడ కాసేపు ఆయన చేతుల్ని చూసింది. ఏమనుకుందో ఏమో, బుట్ట నడుము రెండో పక్కకి మార్చుకుని, నెమ్మదిగా వెనక్కి తిరిగింది. మగవాళ్ళ వరసలో నిలబడి సముద్రం వైపు చూడసాగింది.

అప్పలస్వామి చెయ్యి చేప మీదే ఆగిపోయింది. తలెత్తి ఆవిడ వీపు చూశాడు. భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. ఎవరూ తనవైపు చూడడం లేదు, నేనొక్కదాన్నే.

నేనూ వీపు తిప్పుకున్నాను.